ఊసరవెల్లి నోట్లో వేలు

మొన్న వానకాలం వెనకపట్టే రోజుల్లో హైదరాబాదు నుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఊరికి వచ్చారు. మెడలో కెమెరాలు, కాళ్లకు బూట్లు, చేతిలో రాసుకునే పుస్తకం. గుట్టల మీద ఉండే బల్లిజాతి ప్రాణుల గురించి చదువుతున్నారట. ఎవరో మా ఇల్లు చూపించారు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాక, అందులో కళ్లజోడు పిల్ల, "ఆంటీ, ఈ గుట్ట మీద ఊసరవెల్లిని ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. "చూసుడేంది బిడ్డా, దాని నోట్లె వేలు వెట్టిన" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈమె గొప్పలు పోతున్నదనుకున్నారు కాబోలు. గొప్పే మరి. నా బతుకులో గొప్పగా చెప్పుకోదగ్గ పనులు నాలుగైదు ఉంటే వాటిలో మొదటిది అదే. వాళ్లకు బస్సు టైమై సగమే విని లేచారు. మిగతా సగం కడుపులో ఉండిపోయింది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నా పెళ్లయింది. మా తల్లిగారిది ఆత్మకూరు పక్కన కృష్ణ ఒడ్డు ఊరు. ఎటు చూసినా వరిమళ్లు, సాపు నేల. ఇరవై ఏళ్లు వచ్చేదాకా బండరాయి ఎక్కి ఎరగని నన్ను తెచ్చి కల్వకుర్తి దిక్కున ఒక గుట్ట కింది ఊళ్లో ఇచ్చారు. ఇంటి వెనక తలుపు తీస్తే గుట్టే. మా ఆయన తాపీ పని మీద పట్నంలో ఉండి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మామ బాలయ్య మాట తక్కువ మనిషి, ఉన్నాడో లేడో గొర్రెల దొడ్డి తలుపు చప్పుడును బట్టి తెలుసుకోవాల్సిందే. ఇల్లు నడిపేది అత్త సాయమ్మ. తెల్లవారగానే వాకిట్లో సాన్పు చల్లి, పొయ్యి ముట్టించి, అరచేతుల మధ్య జొన్నరొట్టె తట్టేది. ఆ చప్పుడుకే నేను లేచేదాన్ని. లేచినందుకు సిగ్గుపడి పరుగెత్తుకొస్తే, "ఇంకింత సేపు పండుకోకపొయ్యినవ్, రొట్టెలు నిన్ను లేపుతయి గదా" అనేది. ఎత్తిపొడుపులా ఉండేది కానీ మొదటి రొట్టె నా పళ్లెంలోనే పడేది.

ఆ ఇంటి వాసన ఏమిటంటే మగ్గుతున్న సీతాఫలాల వాసన. వానలు తగ్గిన దగ్గరనుంచి దీపావళి దాటేదాకా లోపలి అర్ర నిండా గంపలే. కింద వరిగడ్డి, మధ్యలో కాయలు, మీద మళ్లీ గడ్డి. పొద్దునా సాయంత్రం అత్త ఆ గంపల మీద వంగి ఒక్కొక్క కాయనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. చేత్తో నొక్కడం ఆమెకు గిట్టదు. కొత్తలో నేను ఒక కాయను బొటనవేలితో నొక్కితే నా చేతి మీద చిన్న దెబ్బ వేసి, "నిన్నెవలన్న గట్ల నొక్కితే ఎట్లుంటది?" అంది. కండ్లు విచ్చని పచ్చికాయలు ఏవైనా పొరపాటున గంపలో పడితే వాటిని పొయ్యి నిప్పుల్లో కాల్చి ఇచ్చేది. పైన నల్లగా మాడి లోపల తెల్లగా, పొగవాసనతో ఉండే ఆ గుజ్జు కోసం నేను కావాలనే రెండు మూడు పచ్చివి తెంపి కలిపేదాన్ని. ఆమెకది తెలుసు, తెలియనట్టు ఊరుకునేది.

గుట్ట మీది సీతాఫలం పొదలు ఎవరి సొత్తూ కావు, ఎవరు ముందు వెళ్తే వాళ్లు తెంపుకోవచ్చు. ఒక్కటే కట్టడి. పొద మీద ఊసరవెల్లి కనబడితే, చూసినవాళ్లు తమ కొంగు చింపి ఒక పీలిక ఆ కొమ్మకు కట్టి వెనక్కి రావాలి. గుడ్డ కట్టిన పొదను ఆ ఏడు మళ్లీ ఎవరూ తాకకూడదు. దాని ఊపిరి తగిలిన కాయ విషమనీ, అది ముఖం మీద ఊదితే మనిషి పొద్దుగూకేలోపు ఉబ్బి చస్తాడనీ అక్కడివాళ్ల గట్టి నమ్మకం. పాముకైనా ఇంత భయపడేవాళ్లు కాదు. మా తల్లిగారి వైపు నేను ఊసరవెల్లినే చూడలేదు. కంచెల మీద తల ఊపే తొండను చూపించి అదే ఊసరవెల్లి అనేవాళ్లు. నాకు తెలియని దానికి భయపడటం నాకు మొదటినుంచీ చేతకాదు, తెలుసుకున్నాక భయపడదాం లెమ్మనుకునే రకం.

మొదటిసారి దాన్ని చూసింది అలా గుడ్డ కట్టిన పొదలోనే. ముందు ఆకులే అనుకున్నాను. వాటిలో ఒక ఆకుకు కన్ను ఉంది. ఆ కన్ను కూడా మామూలు కన్ను కాదు, చిన్న గోపురంలాగ పైకి లేచి, దాని కొసన ఆవగింజంత నల్లచుక్క. ఒక కన్ను నన్ను చూస్తుంటే రెండోది వెనకకు తిరిగి ఈగను చూస్తోంది. నా జన్మలో అంత వింత చూడలేదు. తల మీద రుమాలు చుట్టినట్టు ఎత్తుగా ఎముక. వెన్ను మీద రంపపు పళ్ల వరస. కాలివేళ్లు రెండు ఇటు, మూడు అటు విడిపోయి కొమ్మను పటకారులా పట్టుకుని ఉన్నాయి. తోక కొస చుట్ట చుట్టుకుని ఇంకో రెమ్మను పట్టింది. అడుగు వేయాలంటే ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊగుతుంది. గాలికి ఆకు కదిలిందని మనం అనుకోవాలని దాని ఎత్తు. నేను చూస్తుండగానే నోరు తెరిచింది, ఈగ మాయమైంది. నాలుక ఎప్పుడు బయటికి వచ్చిందో ఎప్పుడు పోయిందో కనబడలేదు. నేనక్కడే రాయి మీద కూలబడి, గంప సంగతి మరిచిపోయి, ఎండ నెత్తికెక్కేదాకా చూస్తూ ఉన్నాను.

ఇంకో సంగతి కూడా చూశాను. ఎవరూ తాకనందువల్ల ఆ పొద నిండా పిడికిలికి పట్టని కాయలు, కండ్లు బాగా విచ్చి, లేత పసుపు గీతలు తేలి ఉన్నాయి. కొత్తకోడలిని, గంప నింపి మెప్పు పొందాలని ఆరాటం. ఒకటి తెంపాను, ఏమీ కాలేదు. పది తెంపాను. పదకొండో కాయకు చెయ్యి పెట్టినప్పుడు ఊసరవెల్లికి కోపం వచ్చింది. పక్కలకు అణగి ఆకులా పలచనైన ఒళ్లు ఒక్కసారిగా రొమ్ము నిండా గాలి పీల్చి ఇంతలావైంది. పచ్చటి తోలు మీద నల్లమచ్చలు లేచాయి. గొంతు కింద ముడతలు విచ్చి నోరు తెరిచి సుస్సుమని ఊదింది. నేను చెయ్యి తీసేలోపు చూపుడువేలు పట్టుకుంది. చచ్చానే అనుకున్నాను. ఆరేసిన బట్టకు క్లిప్పు పెట్టినట్టు కాసేపు పట్టి దానంతటదే వదిలేసింది. నెత్తురు చుక్క లేదు, సన్నటి గుంటల వరస మాత్రం ఉంది. పొద్దుగూకేదాకా వేలు చూసుకుంటూనే ఇంటిపని చేశాను. తెల్లారి రొట్టెల చప్పుడుకు ఎప్పటిలాగే లేచాను. అప్పుడు అర్థమైంది, ఆ ఉబ్బడం, ఆ ఊదడం, ఆ రంగులు అన్నీ ఉత్త బెదిరింపులే. చేతిలో ఏ ఆయుధమూ లేని ప్రాణి అది. లావుగా కనబడి బతుకుతోంది.

ఇక నన్నాపేవాళ్లు లేరు. అందరూ అటు తిరగగానే నేను గుడ్డ కట్టిన పొదల్లో దూరేదాన్ని. అందరికంటే ముందు నా గంప నిండేది. "సాయమ్మ కోడలిది మంచి చెయ్యి" అని వాడంతా పేరు వచ్చింది. పక్కింటి చంద్రమ్మ మా ఇంటి పండ్లే కావాలని అడిగి తీసుకునేది. అత్త పైకి ఏమీ అనేది కాదు కానీ, ఇంటికొచ్చినవాళ్లకు నా గంప కనబడేలా అరుగు మీద పెట్టేది. ఆ పేరు నాకు చాలా తియ్యగా ఉండేది. నిజం చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.

దసరా వెళ్లిన వారంలో ఆ రోజు వచ్చింది. అత్త, చంద్రమ్మ, నేను ముగ్గురం గుట్ట ఎక్కాం. నేను కింద రెండు పొదల అవతల ఉన్నాను. అత్త బండల మధ్య నిలబడి తలకంటే ఎత్తున్న కొమ్మకు చెయ్యి చాపింది. ఉన్నట్టుండి కేకేసింది. పరుగెత్తి వెళ్లేసరికి బండల సందులో కూలబడి రెండు చేతులా ముఖం రుద్దుకుంటోంది. "ఊదింది పిల్లా, మొకం మీద ఊదింది! సుస్సుమన్నది, చెవులార ఇన్న!" పైన కొమ్మ మీద ఊసరవెల్లి ఉబ్బి నల్లబడి ఉంది. అత్త వెనక్కి అడుగేసినప్పుడు కాలికి ఏదో చురుక్కుమన్నదని కూడా అంది. కంప గుచ్చుకుని ఉంటుందని ఎవరమూ చూడలేదు. చెరో రెక్క పట్టుకుని కిందికి దింపాం.

ఊసరవెల్లి ఊదితే ఊళ్లో మందు తెలిసిన మనిషి మామకు చిన్నాయన అయ్యే వెంకయ్య తాత. మంచివాడు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. తాత వచ్చి అత్త కళ్లకు తెల్లగుడ్డ కట్టించాడు. పచ్చరంగు కంట పడితే విషం పైకెక్కుతుందట, అందుకని పచ్చనిదేదీ ఆ అర్రలో ఉండకూడదు. ఆ రోజు నాది ఆకుపచ్చ చీర, చేతులకు పచ్చగాజులు. నన్ను గడప దాటనివ్వలేదు. ఊసరవెల్లిని కర్రతో పట్టి తెప్పించి, విషం తిరిగి దానిలోకే పోవాలని గుమ్మానికి తలకిందులుగా కట్టారు. నేను చీర మార్చుకుని, గాజులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో పెట్టి లోపలికి వెళ్లేసరికి చాలాసేపైంది. అప్పటికి అత్త కుడికాలు మడమ నుంచి పిక్క దాకా వాచి, తోలు మెరుస్తోంది. తాత దాన్ని చూసి సంతోషపడుతున్నాడు. "ఇసం మొకంల నుంచి కిందికి దిగుతాంది. మంచిదే. ఎవ్వలు ఫికర్ వెట్టుకోకుండ్రి, పొద్దు గూకేటాలకు లేసి కూసుంటది" అన్నాడు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. కాలు ఎంత ఉబ్బితే అంత మంచిదన్నట్టు చూస్తున్నారు.

అత్త నీళ్లడిగింది. పుక్కిలించి పళ్లెంలో ఉమ్మితే ఎర్రగా పడింది. మా అత్త ఆకు, వక్క వేసే మనిషి కాదు. పళ్ల చిగుళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. మడమ దగ్గర వంగి చూస్తే రెండు చిన్న చుక్కలు, వాటిలోంచి ఇంకా నెత్తురు ఆగకుండా ఊరుతోంది. బండల సందుల్లో చిన్న పింజర పాము ఉంటుందనీ, అది ఒళ్లు ఒళ్లుకు రాసుకుని సుస్సుమంటుందనీ ఆ ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లందరికీ తెలుసు. ఊసరవెల్లి పేరు వినగానే అందరూ మరిచిపోయారు. ఈమె ఇక్కడే, ఈ తెల్లగుడ్డ కిందే చచ్చిపోతుందనిపించింది. ఆమె పోతే ఆ ఇంట్లో నాకెవరూ లేరని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

"తాతా, ఇది ఊసరవెల్లి పని గాదు. పింజర కరిసింది. దవాఖానకు తీస్కపోదాం" అన్నాను. తాత నా వైపు జాలిగా చూశాడు. "కొత్త పిల్లవు, భయపడ్డవు. నీకు గీ గుట్ట సంగతి తెల్వది బిడ్డా. ఇప్పుడు బయటికి తీస్తే చెట్లన్ని పచ్చగ కనవడ్తయి, పానం వోతది." మామ గోడకానుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడ్డాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"నన్ను గూడ కరిసింది తాతా. నెల కింద. గీ వేలు మీద. నాకేం గాలె."

"యాడ కరిసింది?"

"గుడ్డ కట్టిన పొదల. నేను తెంపేటియన్ని గా పొదల కాయలే. మొదటిసంది."

చంద్రమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే మొన్న నాకిచ్చిన పండ్లు?" "గవ్వే పెద్దమ్మా" అన్నాను. ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి మూడుసార్లు ఉమ్మింది. ఎప్పుడో తిన్న పండు ఇప్పుడు ఉమ్మితే వస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను. తాత మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అత్తను దవాఖానకు పంపాలని అబద్ధం జెప్తాంది" అన్నాడు.

నేను గుమ్మం దగ్గరికి వెళ్లి ఊసరవెల్లి కట్టు విప్పాను. పాపం అది భయంతో బొగ్గులా నల్లబడి ఉంది. అందరి మధ్యకూ తెచ్చి నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నాను. అది ఒళ్లంతా ఉబ్బించి అందరికీ వినబడేలా ఊదింది. నేను కళ్లు మూసుకోలేదు. తెరిచిన నోట్లో చూపుడువేలు పెట్టాను. పట్టింది. ఎవరో "అయ్యో" అన్నారు. వదిలేదాకా ఆగి, వేలు తీసి మామ కళ్ల ముందు పెట్టాను. "జూడు మామా. ఇంత పట్టినా నెత్తురు రాలె. అత్త చిగుళ్లకెల్లి నెత్తురు కారుతాంది. ఇది తలకాయ మీది కొమ్మకున్నది, కాటు మడిమె మీద వడ్డది. కొమ్మ మీదున్నది కాలునెట్ల కరుస్తది?" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కోడలైన దగ్గరనుంచి ఆ ఇంట్లో మామ ముఖం చూసి మాట్లాడటం అదే మొదలు.

మామ నా వేలు చూశాడు. వంగి మడమ చూశాడు. లేచి, అత్త కళ్ల మీది గుడ్డ తీసి, ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. "ఆటో పిలువుండ్రి" అన్నాడు. తాత ఏదో అనబోతే, "చిన్నాయినా, జర జరుగు" అని మాత్రం అన్నాడు. నేను ఊసరవెల్లిని కంచె మీద వదిలి వాళ్ల వెంట పరుగెత్తాను.

పాలమూరు పెద్ద దవాఖానలో డాక్టరు ఏం కరిచిందని అడిగితే మామ అలవాటుగా "ఊసరవెల్లి" అన్నాడు. డాక్టరు తలెత్తి చూశాడు. పింజరని నేనన్నాను. నెత్తురు తీసి గాజుగొట్టంలో పోసి బల్ల మీద పెట్టారు. గడ్డకట్టాల్సిన నెత్తురు ఎంతసేపటికీ నీళ్లలాగే ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే తాము చేయగలిగేది ఉండేది కాదని చెప్పి మందు ఎక్కించారు. నాలుగు రోజులకు చిగుళ్ల నెత్తురు ఆగింది. ఐదో రోజు అత్త నన్ను దగ్గరికి పిలిచింది. మెచ్చుకుంటుందని వెళ్లాను.

"కరిసింది పామంటుండ్రు. అయితే గావచ్చు. ఊదింది మాత్రం ఊసరవెల్లే" అంది. "గా పొదల కాయలు నాకు గూడ తినవెట్టినవా?" అని అడిగింది. పెట్టానన్నాను. ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇంటికి వచ్చాక కూడా అవసరమైతే తప్ప నాతో మాట్లాడలేదు. ఆమె ప్రాణాలు దక్కాయని ఎంత సంతోషమో, ఆ మౌనం అంత కష్టమైంది. వాడలో మా ఇంటి పండ్లు అడిగేవాళ్లు లేకపోయారు. మంచి చెయ్యి అన్న నోళ్లే దొంగచెయ్యి అన్నాయి. అయినా నేను చేసింది తప్పని ఒక్కరోజు కూడా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. ముందే చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఇప్పుడా గుట్టకు ఒక పక్కంతా కంకర మిషన్లు తినేశాయి. ఇంకో పక్క ప్లాట్ల రాళ్లు పాతారు. చేన్లలో డ్రిప్పు పెట్టి పెంచే సీతాఫలాలు వస్తున్నాయి, గింజ తక్కువ, గుజ్జు ఎక్కువ. బాగానే ఉంటాయి, కాదనను, కానీ వాటిని ముక్కుతో చూసే పని లేదు. గుడ్లు పెట్టడానికి నేల దిగిన ఆడ ఊసరవెల్లి ఊగుతూ ఊగుతూ తారురోడ్డు దాటేలోపు రెండు టిప్పర్లు పోతాయి. దాని ఉబ్బు, దాని రంగులు టిప్పరును బెదిరించలేవు. మంచి మార్పూ ఉంది. ఊళ్లో ఇప్పుడు ఏం కరిచినా, ఏం ఊదినా ముందు అంబులెన్సు బండికి ఫోన్ చేస్తారు, తర్వాతే వెంకయ్య తాత కొడుకును పిలుస్తారు. ఆ వరస మారడంలో నా వేలికీ కొంత వాటా ఉందని నా లెక్క.

పాము కరిచిన మరుసటి ఏడాది సీతాఫలాలు వచ్చినప్పుడు అత్త కుంటుకుంటూనే గుట్ట ఎక్కింది. వాడలోని ఆడవాళ్లు ఏడెనిమిది మంది వెంట ఉన్నారు. సగం దూరంలో నిండుగా కాసిన పొద ఒకటి, దాని కొమ్మ మీద ఊసరవెల్లి. అందరూ ఆగిపోయారు. చంద్రమ్మ కొంగు చింపబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నా వైపు చూసింది. "నాకు భయమే. నేను ముట్ట. నువ్వు తెంపు" అంది. నేను లోపలికి వంగి, బాగా మగ్గి చెట్టు మీదే పగిలిన పండు ఒకటి తెంపి తెచ్చాను. అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. రెండు చెక్కలు చేసి, అంతమంది చూస్తుండగా అక్కడే రాయి మీద కూర్చుని, గింజలు ఒక్కొక్కటే ఉమ్ముతూ మొత్తం తినేసింది. మూతి తుడుచుకుని నా ముందు చెయ్యి చాపింది.

"ఇంకోటియ్యి బిడ్డా" అంది.